85 ఎంఎం లెన్స్ కొనేముందు ముఖం వెనక ఏముందో చూడండి

మీరు పెట్టిన ఐదు ఫొటోలూ రెండేసి సార్లు చూశాను. ఒకసారి కంప్యూటర్‌లో పెద్దగా, ఇంకోసారి ఫోన్‌లో గోరంత సైజులో. మీ ప్రశ్న ఇదీ: "రూల్ ఆఫ్ థర్డ్స్ (ఫ్రేముని మూడు వంతులు చేసి మనిషిని ఆ గీత మీద పెట్టడం) పాటిస్తున్నాను, ఫోకస్ కళ్ల మీదే ఉంటోంది, అయినా వీధిలో తీసిన క్యాండిడ్ (మనిషిని పోజు పెట్టమనకుండా తీసే) పోర్ట్రెయిట్లు చప్పగా వస్తున్నాయి. క్రాప్ సెన్సర్ బాడీ మీద 50 ఎఫ్/1.8 వాడుతున్నాను. 85 కొంటే బాగుపడతాయా?"

కొనకండి. కనీసం ఈ ఏడాదికి ఆ డబ్బు పక్కన పెట్టండి. మీ కెమెరాలోది ఫుల్ ఫ్రేమ్ (పాత రీలు ఫ్రేమంత) కంటే చిన్న సెన్సర్, అందువల్ల లెన్స్ చూపు ఒకటిన్నర రెట్లు ఇరుకవుతుంది. అంటే మీ 50 ఇప్పటికే 75లా పనిచేస్తోంది. 85 తగిలిస్తే అది దాదాపు 127 అవుతుంది. లాడ్ బజార్‌లో దానితో ఒక మనిషిని నడుము దాకా పట్టాలంటే ఎదుటి షాపులోకి వెనక్కి నడిచి గాజుల మీద కూర్చోవాలి. మీ ఫొటోలకున్న జబ్బు లెన్స్‌ది కాదు. మీరు ముఖాన్ని చూసి బటన్ నొక్కుతున్నారు. దాని వెనక ఏముందో ఇంటికొచ్చాక చూస్తున్నారు.

మా మేనమామకి హన్మకొండలో ఫొటో స్టూడియో ఉండేది. సెలవుల్లో వెళ్తే తెరలు మార్చే పని నాది. మూడు తెరలుండేవి: మెట్లూ పూలకుండీలూ గీసింది ఒకటి, లేత నీలం ఆకాశం ఒకటి, ఏ బొమ్మా లేని బూడిదరంగుది ఒకటి. ఎవరైనా గడప దాటి లోపలికి రాగానే ఆయన కళ్లు ముందు చొక్కా మీదికో చీర మీదికో, తర్వాత జుట్టు మీదికీ పోయేవి. తెల్ల చొక్కా అయితే బూడిద తెర. ముదురు పట్టుచీర, నూనె రాసి దువ్విన నల్లటి జుట్టూ అయితే ఆకాశం. "ముందుగాల తెర జూడురా, మనిషిని తర్వాత కూసోబెడదాం" అనేవాడు. నేను ఇంట్లో తీసిన ఫొటోలు తీసుకెళ్తే ఒక్కోదాన్నీ చూసి "వీని నెత్తి మీద కొమ్ములు మొలిచినయ్" అని పక్కన పడేసేవాడు. తల వెనక స్తంభమో, కిటికీ చువ్వో, చెట్టు కొమ్మో ఉండేది మరి.

ఆయనకి వీధి ఫొటోలంటే చిన్నచూపు. అయినా పాతికేళ్లుగా పాతబస్తీలో నేను చేస్తున్నది ఆయన నేర్పిందే. స్టూడియోలో తెరని మనిషి వెనక్కి లాగుతాం. వీధిలో తెర కదలదు కాబట్టి, మనిషి దాని ముందుకొచ్చే దాకా ఆగాలి. లేదంటే మనమే జరిగి దాన్ని మనిషి వెనక్కి తెచ్చుకోవాలి. మీ ఐదు ఫొటోల్లో మూడింటికి తెర లేదు.

మొదటిది, గాజుల షాపాయన ఫొటో. నాకు దీని మీదే ఎక్కువ బాధగా ఉంది, ఎందుకంటే క్షణం దొరికింది. ఎదురుగా ఉన్నావిడ చేతిని చూసి ఆయన ఒక కనుబొమ్మ ఎగరేశాడు, పెదవి కొసన నవ్వు మొదలైంది. అది మళ్లీ రాదు. కానీ ఆయన కుడి చెవిలోంచి ట్యూబ్‌లైట్ పొడుచుకొచ్చింది. పక్కనే మూడు బల్బులు, పైన సగం తెగిన బోర్డు. కన్ను ముందు వెలుగు దగ్గరికి పోతుంది, తర్వాత అక్షరాల దగ్గరికి. తెలుగో ఉర్దూనో, చదవగలిగిన అక్షరం కనిపిస్తే మనం చదవకుండా ఉండలేం. ఇక కనుబొమ్మని ఎవరు చూస్తారు?

ఎఫ్/1.8 పెట్టి లెన్స్‌ని బాగా తెరిచాను, వెనకదంతా మసకబారింది కదా అంటారు. మసకబారితే గీతలు పోతాయి గానీ వెలుగు పోదు. వెనకున్న బల్బు మసకబారితే బిళ్లలా ఉబ్బి ఇంకా పెద్దదవుతుంది. చాలామంది దాన్నే అందమనుకుని ఆ బిళ్లల కోసం ఖరీదైన లెన్సులు కొంటారు. బిళ్లలు బాగున్న ఫొటోలో మనిషి ఎలా ఉన్నాడో ఎవరికీ గుర్తుండదు. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు.

మరి ఏం చెయ్యాలి? ఒక అడుగు. చిన్న లెక్క చెప్తాను. ఆయన మీకు రెండు మీటర్ల దూరంలో ఉన్నాడు, ట్యూబ్‌లైట్ ఐదు మీటర్లలో ఉంది అనుకోండి. మీరు 30 సెంటీమీటర్లు పక్కకి జరిగితే ఆయన తలతో పోలిస్తే లైటు దాదాపు 18 సెంటీమీటర్లు జరిగినట్టు కనిపిస్తుంది. అంటే దాదాపు తల వెడల్పంత. ఎటు జరగాలన్నదానికి ఒక గుర్తు: అడ్డొచ్చిన వస్తువు ఎటు పోవాలో మీరూ అటే జరగాలి. లైటు కుడికి తొలగాలంటే మీరు కుడికి. నిలబడ్డ చోటే ఉండి కెమెరాని అటూ ఇటూ తిప్పితే ఫ్రేములో మనిషి చోటు మారుతుంది, కొమ్ము మాత్రం నెత్తి మీదే ఉంటుంది. మీరు ఈ ఫొటోలో చేసిందదే. ఆయన్ని మూడో వంతు గీత మీదికి తెచ్చారు, ట్యూబ్‌లైట్ కూడా ఆయనతోపాటే వచ్చింది.

ఆ షాపులకి లోపల సామాను తెచ్చే చీకటి గుమ్మం ఒకటుంటుంది, గమనించండి. దానికంటే మంచి తెర హైదరాబాద్‌లో లేదు. ముఖం బయటి వెలుగులో, వెనక చీకటి. మా మేనమామ చూస్తే కుళ్లుకునేవాడు.

రెండోది గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌లో చామంతులమ్మే ఆవిడ. ఆవిడ నేల మీద కూర్చుంది, మీరు నిలబడి తీశారు. దాంతో తెర స్థానంలోకి తడి నేల, తొక్కేసిన పూలు, నాలుగు జతల కాళ్లు వచ్చాయి. అంతకంటే పెద్ద సంగతి, ఫొటో చూసేవాడు కూడా ఆవిడని పైనుంచే చూస్తున్నాడు, బేరమాడేవాడిలా. గొంతుక్కూర్చుని మీ కళ్లు ఆవిడ కళ్ల ఎత్తుకి వచ్చేలా తీస్తే వెనక కాళ్లు పోయి, పేర్చిన బస్తాలూ వేలాడే దండలూ వచ్చేవి. ఇంకొంచెం కిందికి దిగితే పైకప్పు వస్తుంది. ఎత్తు మారిందంటే తెర మారినట్టే. కుడి ఎడమలకి జరగడం అందరికీ తోస్తుంది గానీ, మోకాళ్లు వంచాలని మాత్రం తోచదు.

అలాగని పైనుంచి తీయకూడదని శాస్త్రమేం లేదు. అదే మార్కెట్‌లో ఏదైనా అరుగెక్కి నిటారుగా కిందికి చూడండి. ఒకే రంగు బంతిపూలు రాశి పోసి ఉంటే నేలే తెర. దాని మధ్య ఒక తల, రెండు చేతులు. అక్కడ పై చూపు పనికొస్తుంది, ఎందుకంటే అది కావాలని ఎంచుకున్నది. మీ ఫొటోలో పై చూపు వచ్చింది మీరు నిలబడి ఉన్నారు కాబట్టి మాత్రమే.

మూడోది ఇరానీ చాయ్ పోసే కుర్రాడు. ఇక్కడ తెర ఫర్వాలేదు, పొగచూరిన గోడ. కానీ చేతులు మణికట్ల దగ్గర తెగిపోయాయి. ముందు డికాక్షన్ పోసి, ఆ మీద పాలు పోసే ఆ రెండు చేతులే కదా అతని పని! వీధిలో పని చేసుకునే మనిషి ముఖం సగం చేతుల్లో ఉంటుంది. అవి రానప్పుడు మిగిలింది పాస్‌పోర్టు ఫొటోయే. పట్టగలిగితే చేతులు పూర్తిగా పట్టండి, లేదంటే భుజాల పైకి దగ్గరగా వెళ్లి ముఖం ఒక్కటే తీయండి. కీళ్ల దగ్గర, అంటే మణికట్టు, మోచెయ్యి, మోకాలు, చీలమండ దగ్గర కోయకండి. కోయక తప్పకపోతే రెండు కీళ్ల మధ్య కోయండి.

చేతులు తెగిపోవడానికి కారణం మీ 75 చూపే. చిన్న కొట్టు ముందు అంత ఇరుకు చూపుతో ముఖం, చేతులు, కప్పు మూడూ పట్టవు. అందుకే అడిగితే 85 వద్దు, మీ బాడీకి 23 లేదా 24 చూడమంటాను. అది ఫుల్ ఫ్రేమ్ 35కి దగ్గరగా ఉంటుంది. అది కూడా కొననక్కర్లేదు, కెమెరాతోపాటు వచ్చిన కిట్ లెన్స్‌ని 24 దగ్గర పెట్టి టేపు అంటించండి. ఒక భయం ఉంటుంది: వైడ్ లెన్స్‌తో ముఖాలు సాగిపోతాయని. ముఖం ఆకారాన్ని మార్చేది లెన్స్ కాదు, దూరం. అర మీటరులోకి వెళ్తే ఏ లెన్స్‌తోనైనా ముక్కు పెద్దదవుతుంది. నేను ఎక్కువగా రెండు, రెండున్నర మీటర్ల దూరంలో ఉంటాను. ఆ దూరంలో ముఖం ముఖంలాగే ఉంటుంది, పైగా మనిషి తన పని తను చేసుకుంటూనే ఉంటాడు.

నాలుగోది ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల ఫుట్‌పాత్. పేపరు చదువుకుంటున్న పెద్దాయన. థర్డ్స్ గీత మీద ఖచ్చితంగా పెట్టారు. కానీ మిగిలిన రెండు వంతుల్లో ఏముంది? సగం బైకు, ఒక ప్లాస్టిక్ సంచి, నడిచిపోతున్నవాడి వీపు. ఆ రూలు మనిషిని ఎక్కడ పెట్టాలో చెప్తుంది, మిగిలిన చోటుతో ఏం చెయ్యాలో చెప్పదు. ఆ చోటు ఖాళీగా ఉండి మనిషికి ఊపిరాడనివ్వాలి, లేదా మనిషి గురించి ఏదో ఒకటి చెప్పాలి. రెండూ చేయలేకపోతే దాన్ని తీసేసి మనిషిని మధ్యలో పెట్టండి. మధ్యలో పెట్టడం నేరమని ఎవరన్నారో గానీ, దానివల్ల ఎన్నో మంచి ఫొటోలు చెడిపోయాయి.

అదే ఫొటోకి అక్కడే ఒక పరిష్కారం ఉంది. ఆదివారం ఆబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి కాబట్టే ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు. అంటే వీధి పొడవునా దించిన షట్టర్లే. అడ్డగీతల తెరలు, ఒక్కోటి ఒక్కో రంగు. పెద్దాయనకి ఎదురుగా, షట్టర్‌కి సమాంతరంగా నిలబడి తీసి ఉంటే బైకు అసలు ఫ్రేములోకి వచ్చేదే కాదు. మీరు ఏటవాలుగా నిలబడ్డారు, అందుకే వీధంతా దూరింది.

క్రాప్ చేసి, అంటే తర్వాత అంచులు కోసి, సరిచేయొచ్చా అని కూడా అడిగారు. చేయొచ్చు. క్రాప్ అంటే గిట్టనివాడిగా పేరుపడ్డ ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసోన్ కూడా పారిస్ రైల్వే స్టేషన్ వెనక నీటిగుంట మీదుగా దూకే మనిషి ఫొటోని, 1932లో తీసింది, క్రాప్ చేశాడు. కంచె సందులోంచి తీయడంతో ఒక పక్క అడ్డొచ్చింది, కోసేశాడు. అంచున ఉన్న చెత్తకి క్రాప్ మందు. తల వెనకున్న కొమ్ముకి మందు కాదు.

ఇక ఆగడం గురించి. ఇదే అసలు విషయం, నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రీలు రోజుల్లో సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో ఒకసారి కొత్తిమీర అమ్మే ముసలావిడ ముఖం చూసి మతి పోయింది. ఆవిడ ఎటు తిరిగితే అటు తిరిగి 36 ఫ్రేములూ ఆవిడ మీదే కాల్చేశాను. కడిగించి చూస్తే 36లోనూ ముఖం అద్భుతం, వెనక తక్కెళ్లు, తాళ్లు, ఎవరివో మోచేతులు. ఒక్కటీ పనికిరాలేదు. నెల తర్వాత అదే మార్కెట్‌కి వెళ్లి ఈసారి ఎవరినీ వెంబడించలేదు. సున్నం రాలిన ఒక పచ్చగోడ, దాని మీద పక్కనుంచి పడే వెలుగు చూసుకుని ఎదురుగా గట్టు మీద కూర్చున్నాను. గంటన్నర. మొదటి పావుగంట అందరూ నన్నే చూశారు, తర్వాత నేను కూడా ఒక బస్తానైపోయాను. ఆ రోజు ఏడు ఫ్రేములే తీశాను, అందులో రెండు ఇప్పటికీ మా ఇంటి గోడ మీదున్నాయి. కొంగ చెరువంతా ఈదదు కదా, నిలబడిన చోటికే చేప వస్తుంది.

క్యాండిడ్ అన్న మాటకి మన భాషలో మంచి తేడా ఉంది. కొందరు ఫొటో "దిగుతారు", కొందరిని మనం "తీస్తాం". దిగే మనిషి తనే వెన్ను నిటారు చేసుకుంటాడు, ఎటు చూడాలో అడుగుతాడు, ఫ్రేములో సగం పని అతనే చేసిపెడతాడు. క్యాండిడ్‌లో ఆ సాయం లేదు. మీరు అదుపు చేయగలిగింది తెర, వెలుగు, మీ దూరం, మీ ఎత్తు. ఈ నాలుగూ ముందే సిద్ధం చేసుకుంటే చివరికి మీకు మిగిలే పని ముఖం కోసం చూడటమే. మీరిప్పుడు ఐదు పనులూ పావు సెకనులో చేయబోతున్నారు. ఎవరివల్లా కాదు.

వెలుగు సంగతికొస్తే, చార్మినార్ నాలుగు కమానులూ నాలుగు దిక్కులకి ఉంటాయి. లాడ్ బజార్ దానికి పడమటి వైపు వీధి. అందువల్ల మార్చిలోనూ సెప్టెంబరులోనూ, సూర్యుడు దాదాపు సరిగ్గా పడమట అస్తమించే రోజుల్లో, సాయంత్రపు ఎండ ఆ వీధి పొడవునా పారుతుంది. చార్మినార్‌కి వీపు పెట్టి పడమటికి చూస్తే ఎదురెండ: జుట్టు అంచులు, చాయ్ ఆవిరి, దుమ్ము అన్నీ వెలుగుతాయి, ముఖాలు నీడలో ఉంటాయి. వెనక్కి తిరిగితే అవే ముఖాల మీద ఎండ. ఒకే చోట నిలబడి రెండు రకాల ఫొటోలు. మిట్టమధ్యాహ్నమైతే గొడుగులు, పందిళ్ల నీడలు వెతకండి, కానీ నీలం టార్పాలిన్ కింద మాత్రం తీయకండి. ఆ వెలుగు ముఖాన్ని నీలంగా చేస్తుంది. పక్కనుంచి మామూలు ఎండ కూడా పడుతుంది కాబట్టి తర్వాత వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఎంత తిప్పినా ఒక చెంప నీలం, ఒక చెంప నారింజ. మీ రెండో ఫొటోకి ఈ జబ్బు కూడా కొంచెం ఉంది. తెల్లగుడ్డ పందిరి దొరికితే వదలకండి, అది ఉచితంగా దొరికిన స్టూడియో.

సెట్టింగుల మీద ఎక్కువ మాట్లాడను. పగలు ఎఫ్/5.6, షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం) ఆటోలో వదిలేయండి. మీ 50తో మూడు మీటర్ల దగ్గర ఎఫ్/1.8లో స్పష్టంగా వచ్చే లోతు పాతిక సెంటీమీటర్లు, ఎఫ్/5.6లో అది 80 దాకా పెరుగుతుంది. ముఖమూ చేతులూ రెండూ కావాలంటే ఆ 80 కావాలి. 23తో అయితే ఎఫ్/8లో ఫోకస్‌ని మూడు మీటర్ల పైన, 3.3 దగ్గర చేత్తో పెట్టి వదిలేస్తే 1.7 మీటర్ల నుంచి చివరి దాకా అన్నీ సరిపోయేంత స్పష్టంగా ఉంటాయి. ఫోకస్ గురించి ఆలోచించకుండా అంచులు చూసుకోవచ్చు. అంచులంటే నిజంగానే అంచులు: మనిషి రాకముందే వ్యూఫైండర్‌లో నాలుగు మూలలూ ఒకసారి చుట్టి రండి. మూలన తెల్ల ప్లాస్టిక్ కవరుంటే అప్పుడే ఫ్రేము మార్చుకోండి.

ఫొటో తీసేముందు అడగడం, అడగకపోవడం గురించి మీ పోస్టు కింద కొందరు వాదించుకుంటున్నారు. నా పద్ధతి చెప్తాను. తీశాక తప్పించుకుని పోను. కళ్లు కలిస్తే నవ్వుతాను, పిలిచి చూపిస్తాను, వద్దంటే వాళ్ల ముందే చెరిపేస్తాను. పిల్లలైతే పక్కన పెద్దవాళ్లని అడగకుండా తీయను. అడుక్కునేవాళ్లని, నిద్రపోతున్నవాళ్లని, ముఖం దాచుకునేవాళ్లని తీయను. ఒకసారి ఒకావిడ "ఏం బిడ్డా, నన్నెందుకు దింపుతున్నవ్, నేనేమన్న సినిమా దాన్నా?" అని గద్దించింది. ఫొటో చూపించాను. కాసేపు చూసి, "గా వెనక బకెట్టు తీసెయ్యరాదూ" అంది. మా మేనమామ తర్వాత నాకు దొరికిన రెండో గురువు ఆవిడే.

ఇప్పుడు మీ ఐదో ఫొటో, బేగంబజార్ హమాలీ. మీరు దీన్ని చివర్లో, పనికిరానిదిగా పెట్టారు. "సరిగ్గా మధ్యలో ఉంది, కెమెరా వైపు చూడట్లేదు, పైన చాలా ఖాళీ వచ్చింది" అని రాశారు. ఐదింటిలో ఇదే ఫొటో. మూసిన గోదాము తలుపు వెనక తెరలా నిలబడింది, అతని ఎర్ర తువ్వాలు తప్ప ఇంకో రంగు లేదు, నెత్తి మీద మూట లేకపోయినా మెడ ఇంకా మూట మోస్తున్నట్టే వంగి ఉంది. ఆ పైనున్న ఖాళీయే ఆ బరువు. అది కోయకండి. ఎడమ అంచున సగం కనిపిస్తున్న సైకిల్ చక్రం ఒక్కటీ తీసేసి, మిగతాదంతా అలాగే వదిలి ప్రింటు వేయించండి. తర్వాత అదే తలుపు ముందుకి ఇంకో ఉదయం వెళ్లండి. ఈసారి అతను అక్కడ ఉన్నా లేకున్నా, తలుపు ఉంటుంది. ఆ ప్రింటు ఒకటి వెంట తీసుకెళ్లండి, అతను కనిపిస్తే ఇవ్వడానికి.